కాకి, తాటిపండు, కారు అద్దం

మా అనంతపురంలో వాన పడితే తిట్టుకునే మనుషులు కూడా వుంటారా అని ఎవరైనా అడిగితే, వుంటారు, మా ఇంట్లోనే వున్నారు అని సిగ్గుపడుతూ ఒప్పుకోవాలి నేను. పోయిన మే నెలలో ఒక రాత్రి ఉరుములతో వాన కురిసింది. వీధి వీధంతా అరుగులమీదికొచ్చి చేతులు చాపి నిలబడింది. జైసల్మేర్ తర్వాత దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లా మాదేనని చిన్నప్పటినుంచీ వింటూ పెరిగినవాళ్ళం. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప. అలాంటి ఊళ్ళో వాన వస్తే పండగే కదా! మేము మాత్రం దుప్పట్లూ, ప్లాస్టిక్ పట్టలూ పట్టుకుని కారు చుట్టూ పరుగెత్తుతూ, “పాడు వాన, ఇవాళే రావాలా!” అనుకున్నాం.

ఎందుకంటే, మా కారు ఎడమవైపు వెనక తలుపు అద్దం కిందికి దిగి కూచుంది. పైకి రానంటుంది.

సంగతి మొదటినుంచీ చెప్తాను. ఆ రోజు పెనుకొండ దగ్గర మా బంధువుల ఇంట్లో పెళ్ళి. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది గాని, మా మనసుల్లో ఇంకా మాదే. మా వారు కారు నడుపుతారు. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు గనుక ముందు సీటు ఆవిడది. వెనక ఎడమవైపు కిటికీ నాది. ఎనిమిదేళ్ళుగా ఇదే ఏర్పాటు. ఆ రోజు మా ఇంట్లో పనిచేసే అవ్వనూ, ఆవిడ మనవణ్ణీ కూడా తీసుకెళ్ళాం. వాడికి తొమ్మిదేళ్ళు. తల్లీ తండ్రీ బెంగళూరులో కట్టుబడి పనులకు పోయారు. బడి వదలగానే మా వంటింటి వరండాలో కూచుని లెక్కలు చేసుకుంటాడు. కారెక్కడం వాడికి అదే మొదటిసారి గనుక నా కిటికీ వాడికిచ్చి నేను మధ్యకు జరిగాను. ఇంత ఉదారంగా నా చోటు ఇచ్చానని అప్పుడు లోపల్లోపల సంతోషపడ్డాను కూడా. ఈ మాట గుర్తుంచుకోండి.

పిల్లవాడికి అద్దం మీటే దొరికింది. ఒత్తితే దిగుతుంది, ఎత్తితే లేస్తుంది. రాప్తాడు దాటేలోపల ఎన్నిసార్లు దింపాడో, ఎన్నిసార్లు లేపాడో! ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ కనిపించినప్పుడు, “ఈడనేనా అమ్మా కార్లు చేసేది?” అని అద్దం పూర్తిగా దించి తల బయట పెట్టబోతే అవ్వ చొక్కా పట్టుకుని లాగింది. ఒకప్పుడు శెనక్కాయ చేలు, బీళ్ళు తప్ప మరేమీ లేని ఆ నేలమీద 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. ఏడాదికి మూడు లక్షల కార్లు చేయగల ఫ్యాక్టరీ అని చెప్తే వాడు కళ్ళు ఇంత చేసుకుని చూశాడు. మా కారు అక్కడిది కాదులెండి. ఆ ఫ్యాక్టరీ మొదలుకాకముందు కొన్నది. ఏ కంపెనీదో చెప్పను. తప్పు కంపెనీది కాదని మీకే తెలుస్తుంది.

సాయంత్రం తిరిగి వస్తుంటే అద్దం దిగింది, మళ్ళీ లేవలేదు. పిల్లవాడు మీట పట్టుకుని బిక్కమొహం వేశాడు. డెబ్బై కిలోమీటర్లు వడగాలీ, దుమ్మూ తింటూ ఇల్లు చేరాం. కారు దిగుతూ నేను అడిగాను:

“నువ్వేనా దాన్ని అన్నిసార్లు ఒత్తింది?”

“ఔనమ్మా” అన్నాడు.

అంతే, విచారణ ముగిసింది. అవ్వ వాడి వీపుమీద రెండు వేసింది. నేను “వద్దులే అవ్వా” అన్నాను గాని, రెండో దెబ్బ పడ్డాక అన్నాను. ఆ రాత్రే వాన.

మర్నాడు మేము కారు చూపించిన పెద్ద వర్క్‌షాపులో పది నిమిషాలు చూసి, లోపలి మోటారుతో సహా మొత్తం సెట్టు మార్చాలి, వేలల్లో అవుతుంది అన్నారు. ఆ మాట నేను ఫోనులో మా చెల్లెలితో అంటుంటే అవ్వ విన్నట్టుంది. సాయంత్రం గిన్నెలు బోర్లిస్తూ, “అమ్మా, నా జీతంలో నెలకింత పట్టుకోండి. పిల్లనాకొడుకు తెలీక చేసినాడు” అంది.

“ఛ, వద్దు” అనాల్సినదాన్ని. “చూద్దాంలే” అన్నాను.

ఈ “చూద్దాంలే” అనే మాట ఎంత పెద్ద మాటో మన ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళను అడగాలి. మర్నాటినుంచీ పిల్లవాడు వరండాలోకి రావడం మానేశాడు.

మూడోరోజు మా వారు బైపాస్ దగ్గర వేపచెట్టు కింద రిపేర్లు చేసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్ళారు. అందరూ భాయ్ అంటారు. అరవై దాటి వుంటాయి. నేను కారు దిగుతూనే వాంగ్మూలం ఇచ్చాను: “పిల్లాడొకడు ఒత్తి ఒత్తి పాడుచేశాడు భాయ్.”

ఆయన నవ్వాడు. “స్విచ్చి వుండేదే ఒత్తేదానికి కదమ్మా.”

తర్వాత ఆయన చేసిన పని నేను స్టూలుమీద కూచుని గంటసేపు చూశాను. బి.ఎ.లో నేను తర్కశాస్త్రం చదివానని చెప్పుకుంటాను గాని, తర్కం అంటే ఏమిటో ఆ గంటలో తెలిసింది. మొదట డ్రైవరు తలుపుమీద, వెనక అద్దాలను పిల్లలు కదిలించకుండా ఆపే బొత్తాం ఒకటి వుంటుంది, అది పొరపాటున పడిపోయి వుందేమో చూశాడు. లేదు. డ్రైవరు వైపు మీటతో ఆ అద్దాన్ని లేపబోయాడు. లేవలేదు. అంటే ఒక్క మీటదే తప్పయ్యే అవకాశం తక్కువ. మీట ఒత్తుతూ తలుపుకి చెవి ఆనించాడు. లోపల మోటారు తిరుగుతున్న చప్పుడుంటే తీగో పళ్ళచక్రమో విరిగినట్టట, చప్పుడే లేదు. ఫ్యూజు తీసి వెలుతురుకి పట్టి చూశాడు. బాగానే వుంది. కుడివైపు తలుపు మీటను ఊడదీసి ఎడమవైపు తగిలించాడు. మార్పు లేదు. అంటే పిల్లవాడు ఒత్తిన మీటకు ఏమీ కాలేదు. ఆ సంగతి ఆయన ప్రత్యేకంగా చెప్పలేదు. మీటను జేబుగుడ్డతో తుడిచి పక్కన పెట్టాడు. నాకే గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది.

తలుపు లోపలి అట్ట విప్పాడు. మోటారుకి వచ్చే వైర్ల దగ్గర టెస్టు బల్బు పెట్టి మీట ఒత్తమన్నాడు. బల్బు వెలగలేదు. బ్యాటరీనుంచి రెండు వైర్లు లాగి నేరుగా మోటారుకే తగిలించాడు. మూడురోజులుగా మొండికేసిన అద్దం సుతారంగా పైకి లేచింది! వైర్లు అటూ ఇటూ మార్చాడు, దిగింది. మళ్ళీ మార్చాడు, లేచింది. మోటారు నిక్షేపంలా వుంది. మార్చాలన్న సెట్టు మొత్తం నిక్షేపంలా వుంది.

“మరి ఎవరు పాడుచేసినట్టు భాయ్?” అన్నాను.

“ఎవురు ఒత్తితే పోయిందని కాదమ్మా సూడల్సింది. కరెంటు యాడిదాకా వస్తాంది, యాడ ఆగిపోయింది, అది సూడల్ల” అన్నాడు.

తలుపుకీ బండికీ మధ్య, మడతబందుల దగ్గర వేలెడు లావున నల్లటి రబ్బరు గొట్టం ఒకటి వుంటుంది. మీ కారుకీ వుంటుంది, తలుపు బార్లా తీసి చూడండి. బండిలోనుంచి తలుపులోకి పోయే వైర్లన్నీ అందులోంచే పోవాలి. ఆయన ఆ గొట్టాన్ని వెనక్కి లాగి, ఒక్కొక్క వైరునీ రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లిగా లాగాడు. ఒక వైరు రబ్బరులా సాగింది. పైన ప్లాస్టిక్ తొడుగు చెక్కుచెదరలేదు, లోపల రాగిపోగులు మాత్రం తెగిపోయి వున్నాయి.

“ఒక్క దినంలో తెగింది కాదమ్మా ఇది. తలుపు తీసినప్పుడల్లా వంగుతాది, ఏసినప్పుడల్లా వంగుతాది. ఒగ పోగు ఈ సమ్మచ్చరం, ఒగ పోగు వచ్చే సమ్మచ్చరం. కడాకు పోగు ఆపొద్దు తెగింది.”

చెడిన ముక్క కత్తిరించి, కొత్త వైరు అతికి, తొడుగు వేసి, గొట్టం యథాస్థానంలో కూచోబెట్టాడు. 350 రూపాయలు తీసుకున్నాడు.

ఇంటికి వస్తూ లెక్క వేశాను. ఆ తలుపు నాది. రోజుకి నాలుగుసార్లు తీశాననుకున్నా, ఎనిమిదేళ్ళకు పదకొండువేల పైచిలుకు. సంక్రాంతికి ఒకసారి, ఉగాదికి మరోసారి ఆ అద్దం లేవనని మొరాయిస్తే అరచేత్తో తలుపుమీద ఒక్కటిచ్చి లేపింది కూడా నేనే. జబ్బు అప్పటికే వుంది. ముదిరిన రోజున పక్కన కూచున్నవాడు తొమ్మిదేళ్ళవాడు, అంతే తేడా.

మన పెద్దవాళ్ళు దీనికి ఎప్పుడో పేరు పెట్టారు, కాకతాళీయం అని. కాకి వచ్చి తాటిచెట్టుమీద వాలింది, పండు రాలింది. పండు పండింది ఎండకీ, కాలానికీ, నింద కాకికి. ఈ మాట మనం రోజూ వాడతాం. “కాకతాళీయంగా కలిశాం” అంటాం. తర్వాత జరిగింది గనుక దానివల్లే జరిగిందనుకోవడం తప్పు అని పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను కూడా. కాని సొంత కారు అద్దం దిగిపోయినప్పుడు ఆ చదువు ఎటుపోయిందో! ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఆ రోజు నా కిటికీ దగ్గర మా చెల్లెలి కొడుకు కూచుని వుంటే “కారు పాతబడింది” అని వుండేదాన్ని. కాకి ఎవరి కాకి అన్నదాన్నిబట్టి కూడా నింద మారుతుంది.

మా మామయ్యగారికి పాత అంబాసిడరు వుండేది. అద్దం దించాలంటే హ్యాండిలు తిప్పాలి. ఎక్కువ బలం పెడితే అది చేతిలోకి ఊడివచ్చేది. ఎవరి చేతిలో వుందో వాళ్ళే దోషి, తగువే లేదు. ఇప్పుడు అంతా లోపలెక్కడో జరుగుతుంది. వైరెక్కడుందో, ఫ్యూజెక్కడుందో మనకు కనిపించదు. కనిపించేది మనిషి. కారణం కంటికి కనిపించని చోట మనిషిని పట్టుకుంటాం. దోషం ఎక్కడుందో తెలియకముందే దోషి ఎవరో తేల్చేస్తాం.

మా జిల్లాలో వానల సంగతీ అంతే. నైరుతి మేఘాలు పడమటి కనుమలమీద నీళ్ళన్నీ కుమ్మరించి, ఒట్టిచేతులతో మాదగ్గరికి వస్తాయి. ఈశాన్యపు మేఘాలు కోస్తాలో ఖర్చయి, మిగిలింది మాకిస్తాయి. వాన యాడ ఆగిపోయిందో భాయ్ పద్ధతిలో చూస్తే ఇదీ జవాబు. కాని పూర్వం వాన రాకపోతే ఊళ్ళో ఎవరో పాపం చేశారనేవారు. కప్పలకు పెళ్ళిళ్ళు చేసేవారు, విరాటపర్వం చదివించేవారు. వాటిని చూసి నేను నవ్వను. ఊరంతా కలిసి దేవుడి ముందు నిలబడితే నింద అందరిమీదా సమానంగా పడుతుంది. నాకు భయం కలిగించేది వేరే. బోరు వేస్తే నీళ్ళు పడక, శెనక్కాయ ఊడదిగే వేళకు వాన మొహం చాటేసి, అప్పు పెరిగి, ఇదంతా తన చేతగానితనమే అనుకుని ప్రాణం తీసుకున్న రైతులు ఈ జిల్లాలో ఎందరో. కనుమలదీ, మేఘాలదీ, బజారు ధరలదీ, ఇంకా ఎన్నింటిదో నేరం ఒక్క మనిషి తన నెత్తిన వేసుకున్నాడు. కడపటి పోగు తెగినప్పుడు పక్కన వున్నది తనే గనుక.

అయితే ఎవరిదీ తప్పు కాదనేద్దామా? అదీ ప్రమాదమే. “పై నుంచి రాలేదు”, “కింద నుంచి రాలేదు” అంటూ ఆఫీసుల్లో ఫైళ్ళు తిప్పేవాళ్ళు చెప్పేది కూడా అదే కదా! ఎవరు అన్న ప్రశ్న అక్కర్లేదని నేననను. ముందు ఎక్కడ అని అడిగి, తర్వాత ఎవరు అని అడగాలి. భాయ్ మొదటి ప్రశ్న అడిగాడు గనుకే రెండో ప్రశ్నకి కూడా జవాబు దొరికింది. నేను రెండోదే ముందు అడిగాను, రెండూ తప్పిపోయాయి.

ఇక్కడొక చిన్న మెలిక వుంది. వాడు ఒప్పుకున్నాడు కదా అని నన్ను నేను సమర్థించుకోబోయాను. ఏం ఒప్పుకున్నాడు? “నువ్వేనా ఒత్తింది?” అని అడిగాను, “ఔను” అన్నాడు. అది నిజమే. “పాడుచేసింది నువ్వేనా?” అని నేను అడగలేదు, వాడు చెప్పలేదు. మధ్యలో ఖాళీ పూరించుకున్నది నేను.

భారతంలో మాండవ్యుడి కథ మీకు తెలిసిందే. మౌనవ్రతంలో వున్న మునిని రాజభటులు దొంగలెటుపోయారని అడిగారు. ఆయన పలకలేదు. దొంగసొత్తు ఆశ్రమంలో దొరికింది. పలకలేదు గనుక దొంగే అని శూలానికి ఎక్కించారు. తర్వాత నిజం తెలిసి రాజు కాళ్ళమీద పడ్డాడు. శూలం పీకబోతే రాలేదు. కోసేశారు, కొస లోపలే వుండిపోయింది. ఆ తర్వాత ఆయన యమధర్మరాజుతో తగువుపడి, పద్నాలుగేళ్ళలోపు పిల్లలకు పాపం అంటకూడదని కట్టడి చేశాడు. శిక్ష అనుభవించినవాడు గనుకే ఆయనకు పిల్లలు గుర్తుకొచ్చారేమో!

ఆ సాయంత్రం భాయ్ కత్తిరించిన వైరుముక్క చేతిలో పెట్టుకుని అవ్వ ఇంటికి వెళ్ళాను. ఆవిడకు చెప్పాను, తప్పు పిల్లాడిది కాదని, జీతంలోంచి పైసా పట్టుకునేది లేదని. “పోనీలెమ్మా, వాడు ఒత్తింది నిజమే కదా” అంది, నన్ను ఓదారుస్తున్నట్టు. పిల్లవాడు మంచం కోడు పట్టుకుని నిలబడ్డాడు. వైరు చూపించి, ఇది తెగిందిరా, మీట బాగానే వుంది అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, “నేను ఎక్కువసార్లు ఒత్తినందుకు తెగిందా అమ్మా?” అన్నాడు.

శూలం కొస అంటే ఇదే. నేను మూడురోజుల కిందట దింపింది, క్షమించమంటే ఊడిరాలేదు. అప్పటికే వాడు నా మాట నమ్మి, తనే పాడుచేశానని మనసులో ఖాయం చేసుకున్నాడు.

చెయ్యి పట్టుకుని కారు దగ్గరికి తీసుకొచ్చాను. తలుపు తెరిచి రబ్బరు గొట్టం చూపించాను. “నువ్వే తియ్యి, నువ్వే వెయ్యి” అన్నాను. వాడు తీస్తూ, వేస్తూ, గొట్టం వంగడం చూశాడు. వైరుముక్కను తనూ అలాగే అటూ ఇటూ వంచాడు. ఇరవైసార్లు వంచేసరికి మిగిలిన పోగుల్లో ఒకటి పుటుక్కుమంది. వాడి మొహంలో వెలుగు వచ్చింది. తలెత్తి నావైపు చూసి, ఏ కల్మషమూ లేకుండా అడిగాడు:

“అయితే నువ్వు తలుపు తీసి తీసి చెడగొట్టినావా అమ్మా?”

“తలుపు వుండేదే తీయడానికి కదరా!” అని నోటిదాకా వచ్చింది. మీట విషయంలో భాయ్ అన్న మాట ఇదే. నాకు నేను చిటికెలో చెప్పుకోగలిగిన ఈ మాట, మూడురోజులు వాడికి చెప్పలేకపోయాను. నోట్లోనే మింగి, “ఔనురా, నేనే” అన్నాను.

“మరి నీ జీతంలో పట్టుకుంటారా?”

అవ్వ వాడి నెత్తిన మొట్టబోయింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను, ఈసారి దెబ్బ పడకముందే. “పట్టుకుంటారురా. నాకు జీతం లేదు, కథలకూ వ్యాసాలకూ పత్రికలవాళ్ళు డబ్బులిస్తారు. అందులోంచి 350 పోతాయి” అన్నాను. అది న్యాయమేనని వాడికి తోచింది. తలూపాడు.

మర్నాడు పుస్తకాల సంచితో వరండాలోకి వచ్చాడు. రోజూ వచ్చేటప్పుడు కారు పక్కగా నడిచి, ఆ అద్దం పైకి లేచి వుందా లేదా అని ఒకసారి చూసి మరీ వస్తాడు. ఆ చూపు ఎప్పుడు మానుతాడా అని నేను కనిపెట్టుకుని వున్నాను. నిన్న అడిగాడు కూడా, “అమ్మా, ఆ 350 కట్టినావా?” అని.

అందుకే ఈ వ్యాసం రాయాల్సి వచ్చింది.